నీళ్ల పథ్యం

మా అమ్మ నా భార్యకు నీళ్లు ఇవ్వలేదు. ఇవ్వమని నేను ఒకసారి చెప్పి ఊరుకున్నాను. ఒకసారి చెప్పి ఊరుకుంటే చెప్పినట్టు కాదు.

ఆండాలు పోయి రెండేళ్లయింది. ఊళ్లో ఎవరినడిగినా కిడ్నీలు ఖరాబై పోయిందంటారు. కిడ్నీలు వాటంతట అవి ఖరాబు కాలేదు. పదకొండేళ్లు పట్టింది. అందులో ఎవరెవరి చెయ్యి ఉందో నాకు తెలుసు. నా చెయ్యీ ఉంది. నన్ను వదిలేసి మిగతావాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడతాను.

మాది సూర్యాపేట దిక్కు, మోతె దగ్గర పల్లె. తాతల నాటి నుంచి గొర్రెలే. నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తెలుగు చదవగలను, రాయగలను. డాక్టర్లు రాసేది నాకు రాదు.

2001 ఎండాకాలంలో ఆండాలుకు నెలలు నిండాయి. మొదటి కాన్పు. దానికప్పుడు పంతొమ్మిదేళ్లు. నేను మందతో మఠంపల్లి వైపు ఉన్నాను. వరి కోతలు కాగానే కృష్ణ ఒడ్డు రైతులు గొర్రెల మందను తమ పొలాల్లో నిలుపుకుంటారు, ఎరువు కోసం. ప్రతి ఏడూ పోతాం. ఆ ఏడు పోకపోతే కొంపలేమీ మునిగేవి కావు. పోయాను.

నొప్పులు మొదలైన మూడో రోజు నాకు కబురందింది. కోదాడ దాకా లారీలో, అక్కడి నుంచి బస్సులో వచ్చాను. ఇంట్లో మంత్రసాని రంగి ఆండాలు కడుపు మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతోంది. ఆండాలు అరవడం మానేసి ఎప్పుడో అయింది.

"నిన్నటి సంది తలకాయ అగుపడుతుంది. బయటికి రాదు, లోపలికి పోదు" అంది రంగి.

"దవాఖానకు తీస్కపోవద్దా?" అన్నాను.

"మొదటి కాన్పు గిట్లనే ఉంటది" అంది అమ్మ. "నిన్ను కన్ననాడు నేను నాలుగు దినాలు తిప్పలు పడ్డ. నన్నెవలు తీస్కపోయిన్రు?"

నాలుగో రోజు కోసం ఆగలేదు. పక్కింటి హన్మా వాళ్ల ట్రాక్టర్ అడిగి, తొట్టిలో గడ్డి పరిచి, సూర్యాపేటకు తీసుకుపోయాను. పిల్లవాడు లోపలే చచ్చిపోయాడన్నారు. లాగి తీశారు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నా మొహం చూడకుండా అడిగింది, ఇన్ని రోజులు ఏం చేశావని.

"గొర్రెల కాడ ఉన్న" అన్నాను.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు ఆండాలు పడుకున్న గోనెపట్టా తడిసింది. బాలింత ఒళ్లు పచ్చిగా ఉంటుంది, ఆరుతుందిలే అంది అమ్మ. ఆరలేదు. కూర్చున్నా, నిలబడ్డా, నడిచినా మూత్రం కారుతూనే ఉంది. వస్తోందని దానికి తెలియదు. తడిసినాక తెలుస్తుంది. పాత చీరలు చింపి గుడ్డలు పెట్టుకునేది. తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. అవి నేను చూడలేదు. అది చూపించలేదు, నేను అడగలేదు.

మాలో ఒక కట్టుబాటు ఉంది. ముట్టయిన ఆడది మందలో అడుగు పెట్టదు. పెడితే సూడి గొర్రెలు పిల్లల్ని పడేస్తాయంటారు. ఐదు రోజులు పోయాక తలంటుకుని మళ్లీ మందలోకి వస్తుంది. ఆండాలుకు ఆ ఐదు రోజులు ఎప్పటికీ పోలేదు. కారేది నెత్తురు కాదు, మూత్రం. అమ్మకు రెండూ ఒకటే.

"కంప దాటి లోపలికి రాకు పిల్లా. జీవాలకు మంచిది కాదు" అంది.

పెళ్లయి వచ్చిన మొదటి ఏడు తల్లి చచ్చిన పిల్లలు రెండింటిని ఆండాలు మేకపాలు పట్టి బతికించింది. అవి పెద్ద గొర్రెలైనా దాని గొంతు వినపడితే మంద చుట్టూ వేసిన ముళ్లకంప దగ్గరికి వచ్చి నిలబడేవి. ఇవతల ఇది నిలబడేది. నేను చూసేవాణ్ణి. జీవాలకు మంచిది కాదనే మాట నిజమేనేమోనని నాకూ అనిపించేది. మంద మీదే కదా బతుకు.

ఆండాలు పక్క మారింది. ఇంట్లోంచి పెంకుటి పంచకు, పంచలోంచి గొర్రెపిల్లలను మూసిపెట్టే గుడిసెకు. గుడిసెలోకి తనే పోయింది. నేను పొమ్మనలేదు. రమ్మనలేదు కూడా.

దానికి అదే ఒక మందు కనిపెట్టుకుంది. నీళ్లు తాగడం మానేసింది. తాగకపోతే తక్కువ కారుతుంది. పొద్దున సగం గ్లాసు, పొద్దుగూకినాక సగం గ్లాసు. మా దిక్కు మే నెలలో గొర్రెలే నీడ వదిలి రావు. ఆ ఎండలో కూలికి పోయి సగం గ్లాసుతో తిరిగి వచ్చేది. పెదాలు పగిలి ఉండేవి. గుడిసెలో వాసన ముదిరింది. తక్కువ కారేది గానీ, కారేది మంట పుట్టేది.

నాలుగేళ్లు అలా గడిచాయి. 2005లో మా ఊరి ఆర్‌ఎంపీ పర్వతాలు మా వాకిట్లో బండి ఆపాడు. జ్వరానికి సూది వేసేవాడు, దెబ్బకు కట్టు కట్టేవాడు. మిర్యాలగూడలో ఒక నర్సింగ్‌హోముకు మనుషుల్ని తోలేవాడు.

"గర్భసంచి తీపియ్యాలె బిక్షం. అంతా దాంట్లనే ఉంది తిప్పలు."

"తీస్తే నీళ్లు ఆగుతయా సారూ?"

"ట్యాంకే తీసేస్తే నల్లా యాడ కారుతది?" అని నవ్వాడు. మాకు ధైర్యం వచ్చేలా నవ్వాడు. మేమూ నవ్వాం. ఆండాలు కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు పటపటమంటాయి.

మిర్యాలగూడ బస్సులో మేం కూర్చున్న సీటు కిందికి చుక్కలు పడ్డాయి. ఎదురుగా ఉన్న ఆడమనిషి కాళ్లు పైకి తీసుకుంది.

"ఎవల పిల్లనో ఉచ్చ పోసినట్టుంది. తల్లికి సోయి లేదా?" అంది.

ఆండాలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఎదుటివాళ్ల ఒళ్లోనూ మా ఒళ్లోనూ ఏ పిల్లా లేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

నర్సింగ్‌హోము డాక్టరు దాని కడుపు బట్ట మీది నుంచే నొక్కి చూశాడు. ఒక్క పరీక్ష చేయలేదు. మర్నాడే కోశాడు. ఆ వార్డులో పన్నెండు మంచాలుంటే పన్నెండింటి మీదా గర్భసంచి తీయించుకున్నవాళ్లే ఉన్నారు. అందరూ పల్లెలవాళ్లే. ఒక్కరి జుట్టయినా నెరవలేదు. ఆండాలుకు ఇరవై మూడేళ్లు. ఇక బిడ్డలు పుట్టరని మాకు ఎవరూ చెప్పలేదు. మేం అడగలేదు. నీళ్ల గురించే అడిగాం.

మూడో రోజు లేపి నడిపిస్తే కాళ్ల వెంట కారింది. నేను డాక్టరు గదిలోకి పోయాను.

"ఆపరేషన్ సక్సెస్. నీళ్ల సంగతి వేరే. అది నరాల వీక్‌నెస్" అన్నాడు.

పర్వతాలు మళ్లీ మా వాకిట్లో బండి ఆపలేదు. దారిలో ఎదురైతే "ఎట్లున్నది ఆడమనిషి?" అని ఆగకుండా అడిగేవాడు. ఒకసారి బండి హ్యాండిల్ పట్టుకుని ఆపాను.

"నల్లా కారుతనే ఉంది. ఇంకేం తీస్తవ్?" అన్నాను.

తల వంచుకుని నా వేళ్లు ఒక్కొక్కటి విడదీసి పోయాడు. కొట్టాల్సింది. కొట్టలేదు. మర్నాడు ఎవరికి జ్వరం వచ్చినా ఆయనే దిక్కు కదా.

ఆండాలుకు ఒక్క చెల్లెలు, నవనీత. కోదాడలో ఉంటుంది, బట్టలు కుడుతుంది. మొగుడు లారీ మీద పోతాడు. 2009లో అక్కను చూడటానికి వచ్చి, గుడిసెలోకి వంగి చూసి, బయటికి వచ్చి నా ముందు నిలబడింది.

"బావా, మా అక్కని ఎక్కడ పెట్టావో నీకు తెలుస్తుందా?"

"తనే పోయి పండుకుంటుంది."

"తనే పోయిందా. గొర్రెకి జబ్బు చేస్తే దాన్నట్లా వదిలేస్తావా నువ్వు? ఎత్తుకుని సూర్యాపేట పశువుల దవాఖానకి పోతావు."

అమ్మ కలగజేసుకుంది. "ఊకున్నమా బిడ్డా? మిర్యాలగూడ తీస్కపోలేదా? కడుపు కోపియ్యలేదా?"

"కోయించారు అత్తా. ఏది కోయాలో అది కాకుండా."

ఆ సాయంత్రమే అక్కను తీసుకుని కోదాడ పోయింది. మర్నాడు నేను పోయాను. అక్కడొక లేడీ డాక్టరు ఉంది. వయసు ఎక్కువ లేదు. ఆండాలు చెప్పేది చివరి దాకా వింది. ఎనిమిదేళ్లలో విన్న మొదటి మనిషి ఆమె. తర్వాత ఒక సన్న గొట్టంతో నీలం రంగు మందు మూత్రసంచిలోకి ఎక్కించింది. లోపల పెట్టిన దూది తీసి మాకు చూపించింది. దూది నీలంగా ఉంది. చాకలి బట్టలకు పెట్టే నీలం మాదిరి. పావుగంట పట్టలేదు.

"చిల్లు పడిందండి" అంది. "కాన్పులో బిడ్డ తల మూడు రోజులు అక్కడే ఇరుక్కుపోయింది కదా. ఎముకకీ తలకీ మధ్య నలిగి అంత మేర కండ చచ్చిపోయి ఊడిపోయింది. మూత్రసంచి నుంచి అలా దారి పడింది."

"గర్భసంచి తీపిచ్చినమమ్మా."

"దానికీ దీనికీ సంబంధమే లేదండి. ఎవరు తీశారు? ఇరవై మూడేళ్ల పిల్లకి?"

నేను పేరు చెప్పాను. ఆమె రాసుకోలేదు.

"ఇది కుట్టొచ్చు. హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు గారు నెలకోసారి వస్తారు. ఆయన చేస్తారు" అంది.

కుట్టొచ్చు. ఎనిమిదేళ్లు గుడిసెలో పడుకున్న మనిషికి జబ్బు ఒక చిల్లు. దాన్ని కుట్టొచ్చు. మా ఊరి నుంచి కోదాడకు బస్సులో గంట లేదు.

ఏప్రిల్ నెలాఖరులో ఆపరేషన్ అయింది. మూత్రం పోవడానికి గొట్టం పెట్టి, మంచానికి ఒక సంచి వేలాడదీశారు. కుట్లు మానేదాకా మూత్రసంచి నిండకూడదు, ఎప్పటికప్పుడు గొట్టం ద్వారా ఖాళీ అయిపోవాలి అన్నారు. మూడు వారాలు. ఆ మూడు వారాల మీదే దాని బతుకంతా ఉంది. ఆ సంగతి మాకు చెప్పారు. మేం విన్నాం.

ఐదో రోజున ఆండాలును లేపి కూర్చోబెట్టారు. తెల్ల దుప్పటి మీద. కాసేపు కూర్చుని, గొట్టం చేత్తో పట్టుకుని మెల్లగా లేచి, వెనక్కి తిరిగి దుప్పటి చూసుకుంది. పొడిగా ఉంది. చేత్తో తడిమింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచి చూసుకుంది.

"ఏందే, గుడ్లు పెడుతున్నవా?" అన్నాను.

నవ్వింది. కుట్లు లాగుతున్నాయని కడుపు పట్టుకుని నవ్వింది. "ఇంటికి పోయినంక మందల అడుగు పెడత" అంది. "నీ అమ్మ ఏమన్నా సరే."

దానికి కావాల్సింది అదొక్కటే. కంప దాటి లోపలికి రావడం. ఇంకేమీ అడగలేదు.

పదో రోజు మంచాలు చాలడం లేదని ఇంటికి పొమ్మన్నారు. ఇరవై ఒకటో రోజు వస్తే గొట్టం తీస్తామన్నారు. నర్సు నన్ను పక్కకు పిలిచింది.

"చూడయ్యా, రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగాలి. సంచిలో మూత్రం తెల్లగా నీళ్లలా ఉండాలి. పచ్చబడిందంటే నీళ్లు చాలనట్టు. గొట్టం రాత్రీ పగలూ కారుతూనే ఉండాలి. ఆగిందంటే లోపల ఏదో అడ్డం పడ్డట్టు. వెంటనే తీసుకురండి, క్షణం ఆగొద్దు. అర్థమైందా?"

"అయింది" అన్నాను. అర్థమైంది కూడా. నేను తెలివితక్కువవాణ్ణని ఎవరూ జాలిపడనక్కర్లేదు.

ఇంట్లో అమ్మ అప్పటికే పొయ్యి పక్కన కారం దంచి పెట్టింది. మాలో బాలింతకు పథ్యం పెడతారు. మెతుకుల్లో కారం, ఒక నూనె చుక్క. నీళ్లు మటుకు గొంతు తడుపుకోవడానికే. ఒళ్లు పచ్చిగా ఉన్నప్పుడు నీళ్లు తాగితే లోపల చీము పడుతుందంటారు. అమ్మ ఆండాలుకు ఆ పథ్యమే పెట్టింది.

"మస్తు నీళ్లు తాగిపియ్యమన్నరు దవాఖానల" అన్నాను.

"కడుపుల కుట్లుంటే నీళ్లు పోస్తర్రా ఎవలన్న? కుట్లు నానిపోవా?" అంది అమ్మ. "ఆళ్లకేం తెలుసు. ఇంటికి పంపినంక ఆళ్ల పూచీ తీరింది. కుక్క కరిచిన గొర్రెకు నువ్వే కుట్లేస్తవు. దాన్ని వాగుల దింపుతవా?"

దింపను. పుండు ఆరే దాకా తడి తగలనివ్వను. అది నాకు మా నాయన నేర్పిన పని. ఇరవై ఏళ్లుగా నా చేతులతో చేస్తున్న పని. అమ్మ మాట నా చేతులకు తెలిసిన మాట. నర్సు మాట చెవులకు మాత్రమే తెలిసింది. ఆండాలు వైపు చూశాను.

"అత్త చెప్పింది నిజమే కావొచ్చు" అంది అది. "తాగాలంటేనే నాకు భయమైతుంది."

ఎనిమిదేళ్లు నీళ్లను శత్రువులా చూసిన మనిషి. దాన్ని అడిగి లాభం లేదు. గట్టిగా చెప్పాల్సింది నేను. చెంబు తెచ్చి దగ్గర కూర్చుని తాగించాల్సింది నేను. మర్నాడు పొద్దున్నే మంద తోలుకుని మఠంపల్లి దారి పట్టాను. రైతుకు మాట ఇచ్చి ఉన్నాను మరి. మొదటిసారి గొర్రెల కోసం పోయి బిడ్డను పోగొట్టుకున్నాను. రెండోసారీ అదే పొలాలకు, అదే నెలలో పోయాను. దీనికి నేను పెట్టుకునే పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను.

నవనీత రోజూ నా సెల్‌ఫోనుకు ఫోన్ చేసేది.

"బావా, అక్క నీళ్లు తాగుతుందా?"

"తాగుతుంది."

"ఎన్ని తాగుతుంది?"

"మస్తు తాగుతుంది."

"నువ్వు ఇంటిదగ్గరే ఉన్నావు కదా?"

"ఉన్న."

"గొర్రెలు అరుస్తున్నాయి."

"మంద ఇంటికాడనే కదా ఉండేది. యాడుంటది మరి?"

నాలుగు రోజులు అదే ప్రశ్న, అదే జవాబు. నా ఎదురుగా కృష్ణలో నీళ్లు పోతున్నాయి. గొర్రెలు మూతులు ముంచి తాగుతున్నాయి.

ఆరో రోజు అమ్మ హన్మా ఫోన్ నుంచి చేసింది. ఆమె గొంతులో సంతోషం.

"కొడుకా, ఆగింది. పొద్దుగాల సంది సుక్క లేదు. సంచి ఎండిపోయింది. లింగమంతుల సామి సల్లగ సూసిండు మనల."

"ఆండాలు ఎట్లుంది?"

"మంచిగనే ఉంది. జర కడుపు ఉబ్బింది. తిన్నది అరుగుతలేదేమో."

నర్సు మాట గుర్తుకు రాలేదని రాస్తే అబద్ధం. వచ్చింది. ఆగితే తీసుకురమ్మంది. కానీ ఎనిమిదేళ్లు ఆగాలని మొక్కిన నీళ్లు ఆగాయని మా అమ్మ చెబుతోంది. ఆగడమే జబ్బు అని నా బుర్రకు ఎక్కలేదు. రైతుతో చెప్పాను, మా ఇంటామెకు నయమైందని. ఆయన భార్య లోపలికి పోయి ఇంత బెల్లం తెచ్చి చేతిలో పెట్టింది. తిన్నాను. వచ్చే పెద్దగట్టు లింగమంతుల జాతరకు మందలో మంచి పొట్టేలును మొక్కుకుని, అప్పుడే దాని చెవికి గుర్తు కోశాను. మందను తోడువాళ్లకు అప్పజెప్పి మర్నాడు ఆ పొట్టేలును లారీ ఎక్కించుకుని ఇంటికి వచ్చాను. పెళ్లికొడుకు లెక్క వచ్చాను.

ఆండాలు నన్ను చూసి మొహం గోడకు తిప్పుకుంది. మంచం కింద నేల తడిగా ఉంది.

"ఆగిందన్నరు కదా" అన్నాను.

"ఆగింది. నిన్న ఆగింది. రాత్రి లోపల పట్‌మన్నది. ఇగ మళ్ల మొదలైంది."

కోదాడలో నర్సు ఆ గొట్టం తీసి చూపింది. లోపల ఇసుక లాంటి పచ్చటి మడ్డి పేరుకుని దారి మూసుకుపోయింది. మూత్రం పోయే దారి లేక లోపల మూత్రసంచి నిండి, ఉబ్బి, కుట్లు తెంపుకుంది.

"రోజుకెన్ని నీళ్లు తాగిందండీ?" అంది లేడీ డాక్టరు.

"పొద్దుగాల, పొద్దుమీకి కలిపి గ్లాసెడు" అంది అమ్మ. తప్పు చేసినట్టు కాదు, జాగ్రత్తగా చూసుకున్నట్టు చెప్పింది.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. నవనీత అమ్మను చూడలేదు. నన్నే చూసింది.

"మస్తు తాగుతుందన్నావు కదా బావా."

నేను ఆ గొట్టంలోని మడ్డినే చూస్తున్నాను.

"ఇంటిదగ్గరే ఉన్నానన్నావు కదా."

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. అక్క పక్కన కూర్చుని చీర కుచ్చిళ్లు సర్దింది.

మూడు నెలలాగి మళ్లీ కుట్టొచ్చన్నారు. కానీ ఆపరేషనుకు ముందు కిడ్నీలు పరీక్ష చేస్తే రెండూ ఉబ్బి, రాళ్లు నిండి ఉన్నాయి. ఏళ్ల తరబడి నీళ్లు తాగకపోతే ఇలాగే అవుతుందన్నారు. ముందు అవి కుదుటపడాలి, తర్వాత కుట్టడం అన్నారు. అప్పటి నుంచి సూర్యాపేట తిరగడం మొదలైంది. నెలకోసారి, తర్వాత పది రోజులకోసారి. కిడ్నీలు కుదుటపడలేదు. కుట్టడం మళ్లీ రాలేదు.

2011 వానాకాలంలో ఒక పొద్దున నేను మంద కంప పక్కకు లాగాను. ఆండాలును గుడిసెలోంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. కాళ్లు వాచి ఉన్నాయి, నడవలేకపోతోంది. అమ్మ వాకిట్లో నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అరె, సూడి గొర్రెలున్నయిరా. మందంతా ఖతం అయితది."

"అయితే కానియ్యి" అన్నాను. అమ్మ చెయ్యి పక్కకు నెట్టాను. అమ్మ మీద చెయ్యి వేయడం అదే మొదలు.

ఆండాలు లోపలికి వచ్చింది. అది సాకిన రెండు గొర్రెల్లో ఒకటి ఇంకా బతికి ఉంది, పళ్లు రాలిన ముసలిది. దగ్గరికి వచ్చి దాని తడి చీరకు మూతి రాసింది. అక్కడే రాయి మీద కాసేపు కూర్చుంది.

"రెండేళ్ల కిందనే తీస్కరావచ్చు కదా నువ్వు" అంది నాతో. "కుట్లు, నీళ్లు ఏం లేకున్నా తీస్కరావచ్చు. కంపనే కదా."

ఆ ఏడు ఒక్క సూడి గొర్రె కూడా పిల్లను పడేయలేదు. అమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఎత్తాను. వారానికోసారి ఎత్తాను.

2012 కార్తీకంలో సూర్యాపేట దవాఖానలో పోయింది. పొద్దున పది గంటలకు. ముప్పై ఏళ్లు. మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాం. ఊరంతా వచ్చింది. మంత్రసాని రంగి వచ్చి దూరంగా కూర్చుని ఏడ్చింది. పర్వతాలు రాలేదు.

శవం నోట్లో తులసి నీళ్లు పోయాలి. అమ్మ చెంబు పట్టుకుని ముందుకు వచ్చింది. ఏడుస్తోంది. నిజంగానే ఏడుస్తోంది. వంగి, ఆండాలు పెదాలు వేళ్లతో విడదీయబోయింది. నేను చెంబు పట్టుకున్నాను.

"ఇడువురా" అంది.

"ఇయ్యాల ఇస్తవా అమ్మా?" అన్నాను. "ఆ వారం దినాలు అడగకున్నా ఇయ్యాల్సింది."

అందరూ వింటున్నారు. అమ్మ చెంబు వదిలేసింది. నా చేతిలో ఉంది ఇప్పుడు. పోయడానికి వంగాను. మస్తు తాగుతుంది అని ఫోన్లో చెప్పిన నోరు నాది. చెంబు నవనీతకు ఇచ్చాను. నవనీత అక్క తల ఒళ్లోకి తీసుకుని మెల్లగా పోసింది. సగం పెదవి పక్క నుంచి చెంప మీదికి కారాయి. కొంగుతో తుడిచి మళ్లీ పోసింది. చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది.

నవనీత ఆ తర్వాత మా గడప తొక్కలేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తదు. సరిగ్గానే చేస్తోంది.

ఇప్పుడు ఇంట్లో మేం ఇద్దరమే. అమ్మకు డెబ్బై దాటాయి. కళ్లు సరిగా కనిపించవు. నేనే వండుతాను, ఆమెకు కంచంలో పెడతాను, పక్కన చెంబు నిండా నీళ్లు పెడతాను. ఏ రోజూ తక్కువ చేయలేదు. నిన్న పొద్దున అన్నం తింటూ ఆగింది.

"బిక్షం."

"ఏంది?"

"నా పానం పోయెటప్పుడు నా నోట్ల నువ్వే పోయాలె బిడ్డా. ఇంకెవల చేత పోపియ్యకు."

చెంబు ఆమె చేతికి అందేలా దగ్గరికి జరిపాను. లేచి మంద విప్పడానికి పోయాను.